సంచి బయట, మనిషి లోపల

బజారు వీధి మొత్తానికి తెర తియ్యని కొట్టు ఒక్కటే మిగిలింది. అది కత్తెరమ్మ కొట్టు.

ఆడవాళ్ళ బట్టలు కుట్టే కొట్టు. ముందు బల్ల, బల్ల పక్కన మిషను, గోడకు మేకులు, మేకులకు సగం కుట్టిన బట్టలు. వెనక మూలలో తీగ మీద ముదురు నీలం తెర. తెర వెనక నిలువుటద్దం, ఒక పీట. అంతే. ఆ మాత్రం గుడ్డముక్క మీద వీధి వీధంతా కక్ష కట్టింది.

కారణం లేకపోలేదు. ఆ వీధి చివర పెద్ద బట్టల దుకాణంలో బాంబు పేలింది. బట్ట తొడుక్కుని చూసుకునే చిన్న గదిలో, తలుపు వెనక ఎవడో సంచి పెట్టి పోయాడు. వాడు ఎవడో ఇప్పటికీ దొరకలేదు. చచ్చిపోయినవాళ్ళలో కత్తెరమ్మ చెల్లెలు ఉంది. ఎడమచేతివాటం మనిషి, అక్క పక్కనే కూర్చుని అంచులు కుట్టేది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంటి అన్నదమ్ములను చేసుకున్నారు. ఆ చెల్లెలి మొగుడు, అంటే కత్తెరమ్మకు మరిది, ఇప్పుడు బజారు రక్షణ దళానికి పెద్ద. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది కనక అందరూ ఈలాయన అంటారు. పెళ్ళాం పోయిన వారానికి మెడలో పడ్డ ఆ ఈలను స్నానానికి కూడా తియ్యడని చెప్పుకుంటారు.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, పేలుడు సద్దుమణిగాక ఆర్డరు దిగింది. బట్టల కొట్లలో, దర్జీ కొట్లలో తెరలూ తలుపులూ చాటుగోడలూ ఉండకూడదు. ఉంటే కొట్టుకు సీలు. ఆ ఆర్డరు వేసిన ఆఫీసులో ఆఫీసరుగారి గదికి మాత్రం తలుపు ఉంది, తలుపుకు లోపలి గడియ కూడా ఉంది. ఆ సంగతి ఎవరూ అడగలేదు. భయపడ్డ జనం ప్రశ్నలు వెయ్యరు, పక్కవాడి వంక చూస్తారు.

మగ దర్జీలకు పోయిందేం లేదు, ఒక్కరోజులో తెరలు పీకేశారు. ఇంటికెళ్ళి తొడుక్కుని చూసుకోండమ్మా, నప్పకపోతే పట్రండి అన్నారు. కత్తెరమ్మ పీకలేదు.

అలాగని ఆమె మొండికేసి కూర్చుందా అంటే, లేదు. తనకు తోచిన పద్ధతి తాను పెట్టింది. వచ్చిన ప్రతి మనిషీ సంచి బల్ల మీద పెట్టి, తన చేత్తో తానే విప్పి చూపించాలి. లోపల ఏముందో కత్తెరమ్మ చెయ్యి పెట్టి మరీ చూస్తుంది. ఆ తర్వాతే తెర వెనక్కి. గోడ మీద సుద్దతో పెద్దక్షరాలు రాసింది: సంచి బయట, మనిషి లోపల. మొదట్లో ఆడవాళ్ళు సణిగారు. మా సంచులు తడమడానికి నువ్వేమన్నా పోలీసువా అని ఒకావిడ విసురుగా వెళ్ళిపోయింది, మర్నాడు అంతకన్నా విసురుగా వచ్చి సంచి బోర్లించింది.

ఒకరి సంచిలో చెయ్యి పెట్టడమంటే కత్తెరమ్మకు కుళ్ళులో పెట్టినట్టే ఉండేది. వాళ్ళమ్మ కూడా దర్జీయే. ఇద్దరు కూతుళ్ళకూ రెండే నియమాలు నేర్పింది. కొలిచేటప్పుడు చూపు టేపు మీద ఉండాలి, ఒంటి మీద కాదు. ఒకరి సంచి దారిలో పడి ఉన్నా ముట్టకూడదు, మూతి విప్పకూడదు. అక్కాచెల్లెళ్ళు ఆ రెండూ తలలోకి ఎక్కించుకున్నారు. ఆ రెండో నియమమే చెల్లెల్ని మింగిందని కత్తెరమ్మకు తెలుసు. ఎలా తెలుసో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆమెకు చెప్పింది టికెట్లమ్మాయి. బస్టాండు కిటికీలో కూర్చుని టికెట్లు ఇచ్చే పిల్ల. పేలిన రోజు కత్తెరమ్మ చెల్లెలి వెనకే వరసలో నిలబడింది. బతికింది, కానీ మెడ ఎడమవైపు నుంచి నడుం దాకా కాలిపోయింది. అతుకు వేసిన చర్మం నెలనెలా బిగుసుకుంటూ ఉంటుంది. ఈ నెల కొలత పై నెలకు పనికిరాదు. పైగా వాళ్ళ యూనిఫాం చొక్కా గుడ్డ గరుకు. ఎడమవైపు కుట్టు పడితే రక్తం వస్తుంది. కత్తెరమ్మ ఆ వైపు కుట్టే లేకుండా ఒకే ముక్కగా కత్తిరించి, లోపల మెత్తటి పాత నూలుగుడ్డ వేసి, తొడిగి, గుర్తు పెట్టి, విప్పి, మళ్ళీ తొడిగి చూడాలి. సోమవారానికి యూనిఫాంలో రాకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తామని బస్సుల ఆఫీసు చెప్పేసింది.

ఇంట్లో తొడుక్కోవచ్చుగా అంటారు. ఆ ఇల్లు ఒక్క గది, గదినిండా మనుషులు. తల్లి ఆ ఒంటిని చూసిన ప్రతిసారీ ఏడుపు లంకించుకుంటుంది. ఆసుపత్రిలో తలుపులు బార్లా తీసిపెట్టి, నేర్చుకునేవాళ్ళ గుంపులకు గుంపులు వచ్చి చూసిపోయారు. ఊరి మొత్తానికి ఆ పిల్ల ఎవరి కళ్ళూ పడకుండా చొక్కా విప్పగలిగిన చోటు ఆ నీలం తెర వెనకే. అక్కా, ఈ సంగతి నీ నోటినుంచి బయటికి రాకూడదు అంది. కత్తెరమ్మ సరేనంది. ఆ మాట మీదే నిలబడింది.

ఈలాయన మొదటిసారి ఒక్కడే వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఊరందరూ తెరలు తీశారు, నీ సొంత చెల్లెలు పోయింది, నువ్వే ముందు తియ్యాలి కదా అన్నాడు. సంచులు చూస్తున్నానని ఆమె చెప్పింది. సంచిలో పెట్టనిది నడుముకు కట్టుకొస్తుంది, తెర వెనక ఏం చేస్తుందో నీకేం తెలుసు అని అతను అన్నాడు. లోపల నేనే ఉంటానయ్యా, కొలిచేది నేనే కదా అని ఆమె అంది. మాట ముదిరింది.

"దాచుకోవడానికి ఏమీ లేనివాళ్ళకు తెర ఎందుకు వదినా?"

"మరి నీ ఒంటి మీద చొక్కా ఎందుకు? ఏం దాచావని?"

ఎదుటి గుండీల కొట్టువాడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు ఈలాయనకు పుండు మీద కారమైంది. ఈలను రెండు వేళ్ళ మధ్య నలుపుతూ వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి వీధి విషం కక్కింది. తెర వెనక ఎవరో ఉన్నారట. కాదు, ఎవరో రాత్రిళ్ళు పడుకుంటున్నారట. ఆమెకు చెల్లెలంటే పడేది కాదట. టీ కొట్టువాడు గ్లాసు పంపడం మానేశాడు. నవ్విన గుండీల కొట్టువాడే, దారం అయిపోయిందమ్మా అన్నాడు, వాడి వెనక అలమరనిండా దారపు రీళ్ళు. ఒక పొద్దున షట్టరు మీద ఎర్ర రంగుతో 'ఎవరిని దాచావు' అని రాసి ఉంది. లారీ నడిపే మొగుడు ఇంటికొచ్చినప్పుడు అన్నం కలుపుతూ, ఊరికి లేని తెర మనకెందుకే, మా తమ్ముడు పెళ్ళాం పోయి పిచ్చెక్కి ఉన్నాడు, వాడితో పెట్టుకోకు అన్నాడు.

ఒక్క మాట చాలు. ఇదిగో, కాలిపోయిన పిల్ల కోసం ఉంచానని చెబితే ఆ వీధే తెర మీద జాలి కురిపించేది. ఆ పిల్లను చూడ్డానికి వరస కట్టేది కూడా. కత్తెరమ్మ చెప్పలేదు. కారణం చెప్పుకుంటేనే దక్కే చాటు చాటు కాదు, అది అడుక్కున్న ముష్టి.

శుక్రవారం మధ్యాహ్నం టికెట్లమ్మాయి ఆఖరి కొలతకు వచ్చింది. సంచి విప్పి బల్ల మీద పెట్టింది. టిఫిను డబ్బా, మందు గొట్టం, దువ్వెన. లోపలికి వెళ్ళింది. బయట బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్ళు వంతు కోసం కూర్చున్నారు. గుండీలు కుట్టడమే మిగిలింది. కత్తెరమ్మ చొక్కా గుర్తులు సరిచూసి, సూది కోసం తెర బయటికి వచ్చేసరికి గుమ్మంలో ఈలాయన, వెనక దళం కుర్రాళ్ళు ఇద్దరు. ఈసారి అతని చేతిలో ఆర్డరు కాగితం, సీలు లక్క.

"లోపల ఎవరు?"

"కొలతకొచ్చిన మనిషి. సంచి అదిగో, చూసుకో."

"సంచి కాదు, మనిషిని చూడాలి. బయటికి రమ్మను."

"చొక్కా లేదయ్యా ఒంటి మీద. గుండీలు కుట్టాక వస్తుంది. గుమ్మం బయట నిలబడు."

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకునేవాడి మొహంలో ఉండే నమ్మకం అతని మొహంలో ఉంది. అతను తెర దాకా నడిచాడు. కత్తెరమ్మ అడ్డం నిలబడింది. చేతిలో సూది తప్ప ఇంకేం లేదు. అప్పుడు తెర వెనక నుంచి గొంతు వచ్చింది. వణకని గొంతు, టికెట్టు ఎక్కడికండీ అని రోజూ వందమందిని అడిగిన గొంతు.

"నేను ఆ రోజు మీ ఆవిడ వెనకే ఉన్నానండీ. ఆవిడ ఆ గదిలోంచి వచ్చి, లోపల ఎవరో సంచి మర్చిపోయారు, పాపం వెతుక్కుంటూ వస్తారు, నువ్వు వెళ్ళినా కదపకమ్మా అంది. నేను తలుపు మీద చెయ్యి వేశాను. అంతే."

ఈలాయన వదిన వైపు తిరిగాడు.

"నీకు తెలుసా ఇది?"

"తెలుసు."

"నాకు చెప్పలేదు."

"చెబితే ఎవరు చెప్పారో కూడా చెప్పాలి. అది నాది కాదు చెప్పడానికి."

మీ అమ్మ నేర్పిన మర్యాదే దాన్ని చంపింది, సంచి మూతి విప్పి చూస్తే దాంతోపాటు అంతమందీ ఇవాళ ఇళ్ళలో ఉండేవాళ్ళు, ఇంకా ఆ మర్యాదకే కాపలా కాస్తున్నావా అన్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కత్తెరమ్మకు అది సూటిగా తగిలింది. తగిలినా నిలబడింది.

"అవును, చంపింది. అందుకే వచ్చిన ప్రతిదాని సంచీ విప్పిస్తున్నాను. సంచి విప్పకపోవడం మా తప్పు. ఆ తప్పుకు ఒళ్ళు విప్పమంటావా?"

అతను ఇక వినలేదు. ఆమె భుజాన్ని పక్కకు నెట్టి, తెరను గుప్పిట్లోకి తీసుకుని లాగాడు. తీగ తెగింది. తెర చిరిగి అతని చేతుల్లోకి వచ్చింది.

బెంచీ మీది ఆడవాళ్ళిద్దరూ గభాలున గోడ వైపు తిరిగారు. ఎవరూ చెప్పలేదు వాళ్ళకు. దళం కుర్రాళ్ళలో ఒకడు తల దించుకున్నాడు, ఒకడు దించుకోలేదు. ఈలాయన చూశాడు. మెడ నుంచి నడుం దాకా చూశాడు. ఆ పిల్ల చేతులు అడ్డం పెట్టుకోలేదు. పెట్టుకుంటే చర్మం లాగుతుంది.

"చూశారుగా," అంది. "బాంబు దొరికిందా?"

కత్తెరమ్మ గుండీల్లేని చొక్కా ఆమె భుజాల మీద వేసి ముందు కలిపి పట్టుకుంది. ఆ తర్వాత వెనక్కి తిరక్కుండానే, ముగ్గురూ బయటికి నడవండి అంది. నడిచారు. ఈలాయన గుమ్మం బయట నిలబడ్డాడు, చేతిలో తెర ఉందన్న సంగతి కూడా అతనికి గుర్తున్నట్టు లేదు. బెంచీ మీది ఆడవాళ్ళు లేచి మూలకు వెళ్ళి, వీపులు ఇటు తిప్పి నిలబడ్డారు. వాళ్ళ వీపుల చాటున కత్తెరమ్మ గుండీలు కుట్టింది. తొందరపడలేదు. ప్రతి గుండీకి దారం చుట్టి ముడి వేసి, పంటితో కొరికింది.

టికెట్లమ్మాయి యూనిఫాంలో బయటికి వచ్చింది. మడత లేదు, ముడత లేదు. ఈలాయన ముందు నుంచే నడిచి వెళ్ళింది. అతను ఏదో అనడానికి నోరు తెరిచాడు. ఆమె ఆగలేదు.

"అమ్మాయి పని అయింది," అంది కత్తెరమ్మ. "ఇంక సీలు వేసుకో."

వేస్తాడని ఎవరూ అనుకోలేదు. వేశాడు. ఆర్డరు ఆర్డరే అన్నాడు. చేసింది తప్పని ఒప్పుకునే మనిషికి ఆ రోజు నుంచి ఈల ఎందుకో తనకు తానే చెప్పుకోవాల్సి వస్తుంది. అంత ధైర్యం ఎవరికుంది? షట్టరు దింపి తాళం మీద లక్క పోశాడు. చిరిగిన తెరను మాత్రం ఆమె అతని చేతిలోంచి లాక్కుని మడతపెట్టి సంచిలో పెట్టుకుంది.

వీధి చివర దళం బల్ల ఉంటుంది. పోయే ప్రతివాళ్ళూ అక్కడ సంచి చూపించి పోవాలి. మర్నాడు కత్తెరమ్మ అదే సంచితో అక్కడికి వచ్చేసరికి బల్ల వెనక ఈలాయనే ఉన్నాడు. ఆమె అతను అడగకముందే సంచి విప్పి బల్ల మీద పెట్టింది. టేపు, కత్తెర, సుద్ద, నీలం తెర.

అతను తెరను బయటికి తీసి విదిలించాడు. చిరుగు దగ్గర కొత్త దారం. కింద అంచు మాత్రం పాత కుట్టే, ఎడమకు వాలిన సన్నటి కుట్టు. ఎడమచేతివాటం మనిషి కుట్టిన కుట్టు. అతను తొడుక్కున్న ప్యాంటు కాళ్ళ అంచులకు కూడా అదే కుట్టు. వేలు దాని మీద ఆగిపోయింది.

"చూసుకో, బాగా చూసుకో," అంది కత్తెరమ్మ. "సంచి చూసే హక్కు నీకుంది. కాదన్లేదు నేను."

"ఇది తీసుకుని ఎక్కడికి?"

"కొలతలకు. ఎవరింటికో చెప్పను."

అతను తెరను మడతపెట్టకుండానే సంచిలో కుక్కాడు.

"కట్టిన చోటల్లా పీకుతాను వదినా."

"పీకు," అంది ఆమె సంచి మూతి బిగిస్తూ. "కుట్టడం నాకొచ్చు."