తొమ్మిది వందలు ఎక్కువ

నేను ఒక చోట కుదురుగా ఉండే జాతిదాన్ని కాను. పాస్‌బుక్కుని. నెలకు రెండు రోజులు ప్రింటరు నోట్లో దూరడం, మిగతా రోజులు మళ్ళీ ఎప్పుడు దూరతానా అని కొట్టుకుపోవడం, ఇదే నా బతుకు. విజయవాడ ప్రెస్సులో నీలం అట్ట తొడిగి, నడుముకు కుట్లు వేసి, కట్టలో పెట్టి మండపేట పంపారు. అక్కడ వీర్రాఘవులు జేబులో పడ్డాను.

మున్సిపాలిటీ నీళ్ళ పంపుల దగ్గర ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. పెన్షన్ తప్ప పైసా రాబడి లేదు. ఒకటో తారీఖున అది పడగానే పద్దెనిమిది వేలూ తీసేస్తాడు. తిన్నగా ఇంటికెళ్ళి భార్య సీతామాలక్ష్మి చేతిలో పెడతాడు. ఆమె కళ్ళకద్దుకుని, ఇంటిఖర్చులకు తీసుకుని, మిగిలింది మర్నాడు ఆయనకిస్తుంది. దాన్ని తెచ్చి మళ్ళీ ఖాతాలో కడతాడు. లెక్కపెట్టడు. ఇల్లాలిచ్చిన డబ్బు లెక్కపెడితే ఆమెను అనుమానించినట్టట. క్యాషియరే లెక్కపెట్టి చీటీ నింపేవాడు. మనుషుల మర్యాదలు ప్రింటరుకేం తెలుసు? వచ్చినప్పుడు ‘పెన్షన్’ అని కొట్టేది. తిరిగొచ్చినప్పుడు ‘నగదు’ అని కొట్టేది.

ఒక సోమవారం కౌంటర్లో అమ్మాయి నన్ను తిప్పి ఇచ్చేసింది.

“బాబాయ్‌గారూ, ఖాతా ఆపేశారండి. కోర్టు ఆర్డరండి.”

ఒక స్నేహితుడి చిట్టీకి వీర్రాఘవులు హామీ సంతకం పెట్టాడు. స్నేహితుడు మాయమయ్యాడు. చిట్టీ కంపెనీ కోర్టుకెళ్ళి, ఈయన ఖాతాను జప్తు చేయించింది. సరిగ్గా ఆ వారమే. సీతామాలక్ష్మి కంట్లో ఒత్తిడి పెరిగి కుడి కన్ను అప్పటికే పోయింది. శుక్రవారంలోగా ఆపరేషన్ జరగకపోతే ఎడమదీ దక్కదని కాకినాడ డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ డబ్బంతా ఆ ఖాతాలోనే ఉంది.

చెమటకు తడిసిన జేబులో, కిక్కిరిసిన బస్సులో నలుగుతూ, మధ్యాహ్నానికి రామచంద్రపురంలో లాయరు హైమావతి బల్ల మీద పడ్డాను.

“ప్రభుత్వ పెన్షన్ని జప్తు చెయ్యకూడదు తాతగారూ. బ్యాంకులో పడినా అది పెన్షనే. రేపే పిటిషన్ వేద్దాం,” అంటూ పేజీలు తిప్పింది. ఆగింది. “ఇదేంటండీ? తీసిన డబ్బు మర్నాడే కట్టారేంటి?”

“మా ఆవిడ చేతిమీదుగా రావాలమ్మా. జీతం రోజుల్నుంచీ అంతే.”

“బావుంది! పెన్షన్ని ఊరేగించి, వేషం మార్చి మళ్ళీ తెచ్చారు. ఇది అదేనని జడ్జిగారికి నేనెలా చెప్పను?”

బుధవారం కోర్టులో చెప్పింది, బాగానే చెప్పింది. ప్రతి నెలా తీసిన దానికన్నా కట్టింది తక్కువేననీ, బయటి నుంచి ఒక్క రూపాయి కూడా చేరలేదనీ. ఏడో పేజీ సంగతి నాకు తెలుసు. హైమావతి చూడలేదు. చిట్టీ కంపెనీ లాయరు చూశాడు.

“నవంబరు చూడండి సార్. తీసింది పద్దెనిమిది వేలు. కట్టింది పద్దెనిమిది వేల తొమ్మిది వందలు. ఎక్కువ ఎక్కడిదండి? వేరే రాబడి ఉంది!”

వీర్రాఘవులు ఆ పేజీ మీదికి వంగి చూశాడు. పాపం, ఆయనకు నిజంగానే తెలియదు.

“అది నాదండి బాబూ.”

వెనక బెంచీ నుంచి సీతామాలక్ష్మి లేచింది. బల్లల అంచులు తడుముకుంటూ ముందుకొచ్చింది.

“మా ఆయనకి తెలీదండి. కంటి చుక్కలకని నెలకి తొమ్మిదొందలు తీసేదాన్ని. పదకొండు నెలలు కొనకుండా దాచి, ఆ నెల్లో కలిపేశానండి.”

“మందు మానేశారా?” అన్నారు జడ్జి.

“అప్పటికి చూపు బానే ఉండేదండి. నెలనెలా తొమ్మిదొందలు కంట్లో పోసుకోడం దేనికండి?”

ఎవరో నవ్వబోయి మానేశారు. జడ్జి కాగితం మీద గుణించారు. తొమ్మిది వేల తొమ్మిది వందలు. మామూలుగా కట్టే తొమ్మిది వేలు కలిపితే సరిపోయింది.

“ఇదంతా పెన్షన్ డబ్బే. జప్తు ఎత్తేస్తున్నాను. ఆర్డరు ఈ పూటే బ్యాంకుకు చేరాలి.”

గెలిచిన మనిషి ముఖం అలా ఉంటుందని నాకు తెలియదు.

“చుక్కలేసుకున్నావా అంటే వేసుకున్నానన్నావు కదే,” అన్నాడు వీర్రాఘవులు.

“మీరెప్పుడైనా సీసా చూశారా?” అందామె.

గుమస్తా నా అట్ట మీద ముద్ర కొట్టి ఫైల్లో కుట్టేశాడు. సాక్ష్యాన్నట. ఇద్దరూ బస్సు కోసం పరుగెత్తారు. నేను రికార్డు గదిలో బీరువా పాలయ్యాను. ఇక్కడ ప్రింటరు లేదు, జేబు లేదు. ఆపరేషన్ జరిగిందో లేదో తెలియక, అట్టలు కొట్టుకోవడానికి కూడా చోటు లేక, రెండు నెలలు గడిపాను.

ఒక ఉదయం వీర్రాఘవులు గొంతు వినిపించింది. నన్ను వెనక్కి ఇమ్మని అడుగుతున్నాడు.

“కుదరదండి. కావాలంటే నకలు తీసుకోండి,” అన్నాడు గుమస్తా. “అమ్మగారి కన్నెలా ఉంది?”

“ఎడమది దక్కిందండి. పొద్దునా సాయంత్రం చుక్కలు నేనే వేస్తున్నాను. చెయ్యి వణికి బుగ్గ మీద పోస్తున్నానని ఒకటే తిట్లు.”