నిదానం చెప్పబోయిన మాట

ఆ పెద్ద ఆసుపత్రికి లాండ్రీ నేలమాళిగలో ఉండేది. పై అంతస్తుల్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా, వాళ్ళ దుప్పట్లు చివరికి అక్కడికే దిగివచ్చేవి. ఉతికి పిండిన దుప్పట్లను వేడి రోలరు యంత్రంలోకి ఈ పక్కనుంచి ఒకరు ఎక్కించాలి. చదునై వచ్చినవాటిని ఆ పక్కన ఇంకొకరు అందుకుని మడతపెట్టాలి. ఎన్నో ఏళ్ళపాటు ఆ యంత్రానికి చెరోపక్కా నిలబడ్డవాళ్ళు ఇద్దరే. ఎక్కించే ఆవిణ్ణి లాండ్రీ అంతా టపాకాయ అని పిలిచేది. నోట్లో మాట నిలవదు మరి. మడతపెట్టే ఆవిణ్ణి నిదానం అనేది. కోపమైనా నవ్వైనా ఆవిడ దాకా చేరడానికి కాస్త వ్యవధి కావాలి.

టపాకాయ ఒక మాట విసిరితే అందరూ ఘొల్లున నవ్వేసి పనిలో పడిపోయేవాళ్ళు. రెండు దుప్పట్లు యంత్రం దాటాక, అవతలి పక్కనుంచి నిదానం నవ్వు వినపడేది. ఆ నవ్వు విని అందరూ మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. నిజం చెప్పాలంటే టపాకాయ జోకులు వేసేదే ఆ రెండో నవ్వు కోసం.

టపాకాయకి భర్త లేడు, ఒక్కతే కూతురు. నిదానానికి ఒక్కడే కొడుకు. తల్లుల్ని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి, లాండ్రీ గుమ్మం దగ్గర ఎదురుచూపులు చూసీ చూసీ ఆ పిల్లలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తల్లులు ఎగిరి గంతేసినంత పని చేసి పెళ్ళి జరిపించారు.

"ఇకనుంచి నన్ను వదినగారూ, మీరూ అని పిలవాలి, తెలిసిందా?" అంది టపాకాయ.

నిదానం కాసేపు ఆలోచించి, "నీ మొహం" అంది.

తర్వాత పాత సూపర్‌వైజరు రిటైరయ్యాడు. వరస ప్రకారం ఆ ఉద్యోగం నిదానానిది. ఆవిడే పై ఆఫీసుకు వెళ్ళి, "నలుగురి మీదా కేకలెయ్యడం నాకు చేతకాదండీ. దానికివ్వండి, అదెలాగూ వేస్తుంది" అని చెప్పి వచ్చింది. అలా టపాకాయ సూపర్‌వైజరమ్మ అయింది.

గొడవ మొదలైంది తడి దుప్పట్ల దగ్గర. ఒకరోజు పొద్దున్నే నీళ్ళ పంపు చెడిపోయి పని వెనకబడింది. ఆపరేషన్ గదులవాళ్ళు ఫోను మీద ఫోను. రోలరు వేగం పెంచమంది టపాకాయ.

"సరిగ్గా ఆరట్లేదే" అంది నిదానం, ఒక దుప్పటి చెంపకి ఆనించుకుని.

"పైకెళ్ళేలోపు అవే ఆరతాయి, నువ్వు కానీ."

అవి ఆరలేదు. మధ్యాహ్నం హెడ్ నర్సు ఒక దుప్పటి చేత్తో పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. "దీన్ని ఇంకోసారి పిండితే బకెట్టు నిండుతుంది. ఎవరమ్మా మడతపెట్టింది?"

వేగం పెంచమన్నది నేనే అని ఒక్క ముక్క చెబితే అయిపోయేది. టపాకాయ నోటికి ఆ ముక్క రాలేదు, జోకు వచ్చింది. "ఏం చెయ్యమంటారు సిస్టర్! దుప్పటి తడిగా ఉందని మా నిదానానికి తెలిసేలోపు రోగి నయమై ఇంటికెళ్ళిపోతాడు."

హెడ్ నర్సు కోపమంతా మరిచి పకపకా నవ్వింది. అందరూ నవ్వారు. తర్వాత అలవాటు కొద్దీ రెండో నవ్వు కోసం ఆగారు. ఒక దుప్పటి దాటింది, ఇంకోటి దాటింది, మరోటి దాటింది. ఆ పక్కనుంచి ఏ చప్పుడూ రాలేదు.

సాయంత్రం నిదానం చెప్పులు వేసుకుంటుంటే టపాకాయ వెనకే వెళ్ళింది. "సరదాకి అన్నానే, పట్టించుకోకు."

"సరేనండి" అంది నిదానం.

ఆ 'అండి' టపాకాయకి చెంపదెబ్బలా తగిలింది. అప్పుడే చెయ్యి పట్టుకుని ఆపి, తప్పు నాది అని ఉంటే పోయేది. బదులుగా ఇంటికెళ్ళి కూతురికి ఫోను చేసింది. "మీ అత్తగారు మూతి ముడుచుకుని కూర్చుందే. ఇంత చిన్నదానికి అంత పౌరుషమా? నువ్వైనా కాస్త చెప్పు."

"పనిలో గొడవ ఇంట్లోకెందుకమ్మా?" అని కూతురు తల పట్టుకుంది. అయినా అమ్మ మాట కాదనలేక అత్తగారి దగ్గర మెల్లగా కదిపింది. పక్కగదిలో ఉన్న మొగుడి చెవిన పడింది. నలుగురిలో మా అమ్మని పలచన చేసింది చాలక ఇంటిదాకా పంచాయితీ తెచ్చిందా మీ అమ్మ అని అతను, మా అమ్మనంటే ఊరుకోనని ఆమె. ఆ ఇంట్లో అన్నం గిన్నెలు చప్పుడు చెయ్యడం మొదలుపెట్టాయి. నిదానం మాత్రం ఇద్దరిలో ఎవరినీ ఏమీ అనలేదు.

లాండ్రీలో కూడా అంతే. "దిండు గలీబులు ముందు కావాలని ఆవిడకి చెప్పు" అనేది టపాకాయ, ఆవిడ ఎదురుగానే నిలబడి. "అలాగేనని ఆవిడకి చెప్పు" అనేది నిదానం. మధ్యలో ఉన్నవాళ్ళు ఈ మాటలు మొయ్యలేక పై ఆఫీసుకు వెళ్ళి మొరపెట్టుకున్నారు.

సిబ్బంది బాగోగులు చూసే ఆఫీసరు ఒకాయన ఉండేవాడు. కుర్రాడే, శిక్షణ పొంది కొత్తగా వచ్చాడు. ఇద్దరినీ తన గదికి పిలిపించి, చెరో గ్లాసు మంచినీళ్ళు పెట్టించి, కన్నీళ్ళు వస్తాయేమోనని కాగితపు రుమాళ్ళ పెట్టె కూడా మధ్యలో పెట్టాడు. "ఇక్కడ ఒకటే రూలమ్మా. ఒకరు చెప్పడం పూర్తయ్యేదాకా రెండోవారు మాట్లాడకూడదు" అని, నిదానం వైపు తిరిగాడు. "మీరు పెద్దవారు, మీరు మొదలుపెట్టండి."

నిదానం గ్లాసు ముందుకు జరిపింది. వెనక్కి జరిపింది. "ఆ రోజు నాకు..." అని ఆగింది. కొంగు సర్దుకుంది. "అంటే, అది నన్ను..." అని మళ్ళీ ఆగింది.

టపాకాయకి కుర్చీలో ముళ్ళున్నట్టుంది. ఆవిడ ఏం చెబుతుందో తనకి తెలిసిపోయిందనుకుంది. హెడ్ నర్సు ముందు పరువు తీసిందంటుంది, వేగం పెంచమన్నది ఇదే అంటుంది, ఇక ఈ ఆఫీసరు రాసుకుంటాడు. ఆ భయం మీద నోరు జారింది.

"నేను చెబుతాను సార్. సూపర్‌వైజరు పోస్టు తనకి రాలేదని మంట. అంతే, ఇంకేం లేదు."

అన్నాక గానీ ఏమన్నదో తనకే తెలియలేదు. నిదానం ఆమె మొహంలోకి చూసింది. కోపంగా కూడా కాదు, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత నెమ్మదిగా లేచి, "నేను చెప్పాల్సింది అయిపోయిందండీ" అని ఆఫీసరుకి నమస్కారం పెట్టి బయటికి నడిచింది. నెల తిరక్కుండానే ఉద్యోగం మానేసి, ఊరికి ఆ చివరనున్న ఒక హోటలు లాండ్రీలో చేరింది.

కొన్నాళ్ళు టపాకాయ, పోతే పోయింది, మహా పంతం అని తనకి తాను చెప్పుకుంది. యంత్రం ఆ పక్కన కొత్త మనిషి వచ్చింది. చురుకైన మనిషే, జోకు వెయ్యగానే నవ్వేది. టపాకాయకే జోకులు వెయ్యబుద్ధి కాకుండా పోయింది.

ఒక ఆదివారం కూతురు వచ్చింది. చాలాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, చివరికి ఉండబట్టలేక అడిగింది. "అమ్మా, ఆ ఆఫీసరు గదిలో మా అత్తయ్య ఏం చెప్పబోయిందో తెలుసా నీకు?"

"నా మీద చాడీలు."

"ఆ రోజు పొద్దున వంటింట్లో నా దగ్గర అప్పజెప్పుకుంది. 'ఆ రోజు నాకు కష్టం కలిగింది, అయినా అది నన్ను ఇన్నేళ్ళు నవ్వించింది, ఒక్కసారి ఏడిపిస్తే వదులుకుంటానా' అని. సరిగ్గా ఉందా, ఇంకేమైనా కలపాలా అని నన్నడిగింది. మీ అమ్మ ముందు నాకు మాట తొందరగా రాదే, అది కాస్త ఆగితే బాగుండు అని కూడా అంది."

కూతురు వెళ్ళాక కూడా టపాకాయ అక్కడే, అదే కుర్చీలో కూర్చుండిపోయింది.

మర్నాడు ఆమె చేసిన మొదటి పని మెట్లెక్కి హెడ్ నర్సు దగ్గరికి వెళ్ళడం. ఆ దుప్పట్ల తప్పు తనదేనని, ఆరట్లేదని నిదానం చెప్పినా వినకుండా వేగం పెంచింది తనేనని చెప్పింది. కిందికి వచ్చి యంత్రం ఆపించి, లాండ్రీలో అందరి ముందూ అదే మాట మళ్ళీ చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. సాయంత్రం వియ్యపురాలి ఇంటికి వెళ్ళింది.

నిదానం తలుపు తీసి, "రండి వదినగారూ, కూర్చోండి" అంది. మంచినీళ్ళు తెచ్చింది.

"తప్పంతా నాదే" అంది టపాకాయ. "తడి గురించి నువ్వు చెప్పావు, నేను వినలేదు. నా తప్పు నీ నెత్తిన రుద్దాను. పిల్లని మధ్యకి లాగాను. నువ్విచ్చిన ఉద్యోగంలో కూర్చుని, నీకే దాని మీద కన్నుందని చెప్పాను. నన్ను క్షమించు."

తర్వాత పళ్ళు బిగబట్టుకుని ఆగింది. ఆ నిశ్శబ్దంలో దూరదామని నాలుక మీదికి వచ్చిన మాటల్ని ఒక్కొక్కటే మింగింది. వీధిలో కూరల బండి వెళ్ళిపోయింది. పక్కింట్లో కుక్కరు కూత పెట్టి చల్లారింది.

"మీ మీద నాకు కోపం లేదండీ" అంది చివరికి నిదానం. "ఎప్పుడో పోయింది. కాకపోతే, నేను ఏం మాట్లాడాలన్నా మీరు అడ్డం వస్తారేమోనని లోపలొక బెదురు పట్టుకుంది. అది నా చేతుల్లో లేదు."

"తిరిగి వచ్చెయ్యి. నీ చోటు నీకుంచుతాను."

"అక్కడ కుదురుకున్నానండీ."

ఆ తర్వాత పిల్లల ఇంట్లో గొడవలు సద్దుమణిగాయి. అల్లుడు మళ్ళీ అత్తగారూ అని నోరారా పిలిచాడు. సెలవు రోజుల్లో తల్లులిద్దరూ ఒకే సోఫాలో కూర్చుని మోకాళ్ళ నొప్పుల గురించి, మందుల గురించి మర్యాదగా మాట్లాడుకునేవాళ్ళు. "హమ్మయ్య, అంతా సర్దుకుంది" అని కూతురు వంటింట్లో మొగుడితో అనడం టపాకాయ విన్నది. అవును, సర్దుకుంది.

అలాంటి ఒకరోజు నిదానం తనంతట తనే నవ్వింది. టపాకాయ ఆశగా తిరిగి చూసింది.

"ఏం లేదండీ, మొన్నటి మాట గుర్తొచ్చింది" అంది నిదానం, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "మా హోటల్లో నా పక్కన ఒకావిడ ఉంటుంది. దాని మాటలు వింటే కడుపు చెక్కలే అనుకోండి. నేను లేటుగా నవ్వుతానని, నా కోసం పని ఆపి మరీ ఎదురుచూస్తుంది."

"అలాగా" అంది టపాకాయ. "మంచిదే కదండీ." ఇంకేదో అనబోయి, ఆవిడ చెప్పడం ఇంకా పూర్తి కాలేదేమోనని ఆగిపోయింది.