గోడకు కొసరు

ములకలపల్లిలో బసవపున్నయ్య దుకాణంలో ఉప్పు మొదలు మేకుల దాకా అన్నీ దొరుకుతాయి, కొసరు తప్ప. తూకం ముల్లు నిలబడ్డాక ఒక్క పలుకు అదనంగా రాలదు. లోకంలో నష్టపోయినవాళ్లంతా గుప్పెట వదులుగా పట్టినవాళ్లేనని ఆయన లెక్క.

ఆ వేసవిలో ఆయన బెజవాడ నుంచి రంగు కొట్టే యంత్రం తెచ్చాడు. దానికి గాలితో పనిలేదు. రంగునే బలంగా నొక్కి, చేతిలోని గన్ను మూతి నుంచి విసనకర్రలా చిమ్ముతుంది. అమ్మినవాడు ఒక్క మాట చెప్పాడు: "ప్రతి పట్టీ మీద తర్వాతి పట్టీ సగం ఎక్కాలండీ." రంగు ఎక్కువ వాడించే ఎత్తుగడ అనుకుని బసవపున్నయ్య మీసంలో నవ్వుకున్నాడు.

కొత్త రైసుమిల్లు యజమాని వెంకటరామారావు ముందే తేల్చేశాడు. "రేపు పొద్దున మిల్లు ప్రారంభం. ఈ సాయంత్రానికి రోడ్డు వైపు గోడ ఒక్కతీరుగా ఉంటే నా గోదాములన్నింటి రంగూ మీదే బసవపున్నయ్యగారూ. చార కనబడిందా, బ్రష్షుల వాళ్లొస్తారు. మీ యంత్రానికి మీరే దండేసుకోండి."

గన్ను పట్టగానే బసవపున్నయ్య వయసు సగానికి దిగింది. దుకాణంలో పనిచేసే పోతయ్య వెనక పైపు మోస్తుంటే, బుస్సుమంటూ నీలం పట్టీలు పరిచాడు. ఒకదాని అంచుకు ఒకటి, ఎక్కడా ఎక్కకుండా. సగం గోడయ్యేసరికే రెండు డబ్బాలు మిగులుతాయని తేలింది. ఈల కూడా వేశాడు. మధ్యాహ్నానికి గోడంతా అయిపోయింది.

రోడ్డు మీదికి వెళ్లి చూస్తే ఈల ఆగిపోయింది.

ఇస్తరాకుల కట్టతో సంతకు పోతున్న ఎర్రమ్మ ఆగింది. "ఏంది సావుకారీ, మిల్లుకు చారల లుంగీ కట్టినవ్?"

పోతయ్య నవ్వు ఆపుకోలేక పైపు వదిలేశాడు.

"పైపు పట్టు పోతయ్యా! నీకేం తెలుసు ఎర్రమ్మా, ఎండ తగ్గితే సర్దుకుంటది."

"ఏం సర్దుకుంటది? నాకు ఉప్పు కొలిచినట్లే కొలిచినవ్ గోడకు. కొసరు లేదు పో అన్నవ్."

బసవపున్నయ్య గోడకు ముక్కు ఆనించినంత దగ్గరికి వెళ్లాడు. ప్రతి పట్టీకీ నడుమ చిక్కన, అంచులు పలచన. ఆ పలచన మీద రెండోది ఎక్కలేదు. రెండు డబ్బాలు మిగిలాయి, గోదాములన్నీ పోతున్నాయి. లెక్క వేయడానికి రెప్పపాటు చాలింది.

"ఆ రెండు డబ్బాలూ విప్పు పోతయ్యా."

"నిజంగనేనా సావుకారీ?"

"జల్దీ! నా మనసు మారకముందే!"

మొదటి పూత ఆరిపోయిన గోడ మీద మళ్లీ మొదలుపెట్టాడు. ఒక పట్టీ, దాని మీద సగం ఎక్కిస్తూ మరొకటి. "ఇది తూకం!" అని ఆయన అంటే, "ఇది కొసరు!" అని ఎర్రమ్మ అందుకుంది. సంతకు పోయేవాళ్లు కట్టలు దించి ఆమెకు వంత పాడారు. గాలి తిరిగి ఆయన మీసం, పోతయ్య కనుబొమలు, అటుగా వచ్చిన కోడిపుంజు నీలమయ్యాయి. పుంజు కూతకు జనం పొట్టలు పట్టుకున్నారు. నష్టం జరుగుతున్నకొద్దీ తనకు ఇంత హుషారు ఎందుకొస్తోందో బసవపున్నయ్యకు అంతుపట్టలేదు.

సాయంత్రం ఏటవాలు ఎండలో వెంకటరామారావు గోడ చివర చెంప ఆనించి, ఒంటికన్ను మూసి చూశాడు. "చారే లేదండీ!"

"ఉందండీ, మీ చెంప మీద. ఆ చివర ఇంకా ఆరలేదు."

వెంకటరామారావు చెంప తడుముకుని, నీలం వేళ్లతోనే ఆయనకు చెయ్యిచ్చాడు. "గోదాములన్నీ మీవే!"

మరుసటి సంతకు ఎర్రమ్మ ఉప్పుకొచ్చింది. ముల్లు నిలబడింది. ఆమె కదల్లేదు.

"గోడకిచ్చినవ్ కద సావుకారీ."

ఆమె వెనక, ఆ రోజు వంత పాడినవాళ్లంతా సంచులు పట్టుకుని రోడ్డు దాకా బారులు తీరి ఉన్నారు. బసవపున్నయ్య వాళ్లనూ, నీలం ఇంకా వదలని తన గోళ్లనూ చూసుకున్నాడు. నవ్వాపుకోలేక గుప్పెడు ఉప్పు తీసి ఆమె సంచిలో పోశాడు.

"పోతయ్యా," అని కేకేశాడు, "ఇంకో బస్తా విప్పు!"