కర్ర మూలకు చేరిన రోజు

జైపాల్ బొగ్గుబాయిలో డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి కళ్ల చుట్టూ బొగ్గుపొడి కాటుక దిద్దినట్టు మిగిలేది. ఎంత రుద్దినా పోదు. పెళ్లయిన కొత్తలో అది చూసి యమున పడిపడి నవ్వింది.

"నాకంటె నీకే సోకు ఎక్కువున్నది గద!"

"బాయిల పుణ్యానికి దొరికె కాటిక. నీకు సుత తేవాల్నా?"

ఆ రోజుల్లో ఆమెకు అన్నీ ముద్దొచ్చేవి. షేర్ ఆటోలో ఎవరిదో సంచిలోంచి తొంగిచూసే కోడిపెట్ట, కరెంటు రాగానే వీధంతా ఒక్క గొంతుతో వేసే కేక, వేడి టిఫిన్ డబ్బా మూతకు పట్టిన చెమట. డిగ్రీ చదివిన పిల్ల, గోదావరిఖనికి కొత్త కోడలు, ఉద్యోగమూ కొత్తదే.

నార్వే వాళ్లూ ఇక్కడి ఒక స్వచ్ఛంద సంస్థా కలిసి మొదలుపెట్టిన పని అది. మనసు చెదిరిన మనిషిని ఎక్కడో దూరపు ఆసుపత్రిలో వదిలేయకుండా సొంత ఇంట్లో, సొంత మనుషుల మధ్యే కుదుటపడనివ్వాలని వాళ్ల ఆలోచన. మందులు ఇక్కడి డాక్టరు ఇస్తాడు. ఇంటింటికీ వెళ్లి కూర్చుని మాట్లాడటానికి ఈ ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చారు. అందుకు వచ్చిన డాక్టర్ ఇంగ్రిడ్ మిర్చి బజ్జీ కొరికి కళ్లనీళ్లు కార్చుకుని, మళ్లీ ఇంకోటి అడిగి తిని వెళ్లింది. ఆ తర్వాత మాటలన్నీ ఫోను తెర మీదే.

యమున వెళ్లే ఇళ్లలో రాయమల్లుది ఒకటి. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం అతని పని. లోపలికి అడుగుపెట్టే ముందు కడ్డీతో కప్పును తట్టి చూడాలి. ఖంగుమంటే గట్టిది, డొల్లగా పలికితే ఎవరూ దాని కిందికి పోరు. ఒకనాడు రాయమల్లు తట్టి చూసి మంచిగుందన్నాడు. ఆ మాట మీద అతని జోడీ స్తెఫను ముందుకు నడిచాడు. కప్పు అతని మీద పడింది.

రాయమల్లు మళ్లీ గనిలో దిగలేదు. ఇంట్లోనే కర్ర పట్టుకుని స్లాబును తట్టేవాడు. తట్టి, చెవొగ్గి విని, అప్పుడుగాని భార్య సారవ్వను పొయ్యి దగ్గరికి పోనిచ్చేవాడు కాదు. గోడ అవతలి క్వార్టర్‌లో ఉండే పూలమ్మ ఊరుకునేది కాదు.

"పసుపు దంచుతున్నవా ఏంది రాయమల్లన్నా? మాయి సుత నాలుగు కొమ్ములున్నయ్, పంపియ్యన్నా?"

సారవ్వ తమ్ముడు పోశం కాసిపేట నుంచి వచ్చినప్పుడల్లా బావను హైదరాబాద్ పెద్ద దవాఖానలో చేర్పిద్దామనేవాడు. సారవ్వకు ఆ మాటంటేనే భయం. ఒకరోజు ఆమె యమున చేతులు పట్టుకుంది.

"ఈన్ని ఇంటికాడనే బాగుచెయ్యి బిడ్డా. ఆడికి పంపకు. నీకు దండం పెడ్త."

యమున వారం వారం వెళ్లేది. ఆమె చాప మీద కూర్చోబోతే రాయమల్లు ఆగమని చెయ్యి ఊపి, పైన కర్రతో తట్టేవాడు. "ఆఁ, ఇగ కూసో బిడ్డా," అనేవాడు. ఎప్పుడైనా జైపాల్‌ది ఏ షిఫ్టు అని అడిగేవాడు.

ఒక వారం ఆమె వెళ్లేసరికి కర్ర మూలకు ఆనించి ఉంది. రాయమల్లు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"కాకా, కప్పు చూడవా?"

"ఏం చూసుడు. కూసో."

యమునకు గంతులెయ్యాలనిపించింది. పూలమ్మ గిన్నెడు పాయసం పంపింది. సారవ్వ ఎన్నాళ్లకో కడుపునిండా తింది. సాయంత్రం బస్టాండు దగ్గర జైపాల్‌తో జిలేబీ తింటూ యమున ఆ కథంతా రెండుసార్లు చెప్పింది. రెండోసారి కూడా అతను కొత్తగా విన్నట్టే కళ్లు పెద్దవి చేశాడు.

తెర మీద జరిగిన సమావేశంలో అందరూ చప్పట్లు కొట్టారు. ఇంగ్రిడ్ మాత్రం ఏదో అడిగింది. పక్కనున్నామె తెలుగులో చెప్పింది: "ఎందుకు మానేశాడో అతన్ని అడిగావా?"

"తగ్గింది కదా మేడం, అందుకే," అంది యమున. నవ్వుతూనే అంది. ఇక రాయమల్లు ఇంటికి నెలకోసారి వెళ్తే చాలనుకున్నారు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం పూలమ్మ ఫోన్ చేసింది. "జల్ది రా యమునా, రాయమల్లన్న..."

పూలమ్మ చెప్పిన చోటు కూల్చేయడానికి ఖాళీ చేసిన పాత క్వార్టర్ల వరుస. ఒకదాంట్లో స్లాబు నానిపోయి, పొట్ట జారినట్టు కిందికి వంగి ఉంది. సరిగ్గా దాని కిందే రాయమల్లు వెల్లకిలా పడుకున్నాడట. షిఫ్టు దిగి వస్తున్నవాళ్లు చూసి కాళ్లు పట్టి ఇవతలికి లాగారు. అతను పెనుగులాడలేదు.

"నన్నెందుకు గుంజుతున్రు? స్తెఫను ఒక్కడే ఉన్నడు గద ఆడ," అన్నాడు.

ఇంటి గడప మీద సారవ్వ కూలబడి ఉంది.

"కర్ర మూలకేసిన నాడే అన్నడు బిడ్డా. 'పడితె పడనియ్యే' అన్నడు. ఫికర్ వోయిందనుకున్న. నీకు చెప్పకపోతి."

"నేను అడగలేదు చిన్నమ్మా," అంది యమున.

ఆమె నాన్న కూడా గనిలో చేసినవాడే. కప్పు తట్టేవాడు ఇంకా బతకాలనుకుంటున్నాడని, తనవాళ్లను బతికించుకోవాలనుకుంటున్నాడని బొగ్గుగని ఇంట్లో పుట్టిన పిల్లకు ఎవరో చెప్పాలా? తన కళ్లకు ఆ రోజుల్లో అంతా జిలేబీలాగే కనిపించింది.

పోశం కారు తెచ్చాడు. యమున అడ్డం పోయింది.

"అన్నా, ఇంటికాడనే చూసుకుందాం. నేను రోజూ వస్త."

"నువ్వు వస్తవ్, పోతవ్. మిగిలిన యాళ్ల ఎవలు కాయాలె? మా అక్క కన్ను మూసి ఎన్నొద్దులాయె చూడరాదు!"

డాక్టరూ ఇప్పుడు పంపడమే మంచిదన్నాడు. ఫోన్లో ఇంగ్రిడ్ కూడా అదే చెప్పింది. ముందు ప్రాణం దక్కాలి, కుదుటపడగానే ఇంటికి తెచ్చుకుందాం, ఆ మాట అతని భార్యకు చెప్పు అంది. యమున చెప్పింది.

"మా మేనత్తను తీస్కపోయినప్పుడు సుత గట్లనే అన్నరు," అంది సారవ్వ.

రాయమల్లు ఎవరూ చెప్పకుండానే తల వంచి కారెక్కాడు. సారవ్వ అతని అంగీ గుండీ ఒకటి ఊడి ఉంటే పెట్టింది. దారిలో తినమని రొట్టెల మూట ఒళ్లో ఉంచింది. పోశం అక్కను ఎక్కనివ్వలేదు. కారు బురద చిమ్ముకుంటూ వీధి మలుపు తిరిగింది.

"చిన్నమ్మా, రేపు పొద్దున వస్త," అంది యమున.

సారవ్వ ఆమె తల నిమిరింది. కోపం లేదు ఆ చేతిలో.

"వద్దు బిడ్డా. కొన్నొద్దులు రాకు. నిన్ను చూస్తె, ఆయన మంచిగైండని నేను కడుపునిండ తిన్న దినమే యాదికొస్తది."

లోపలికి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకుంది. వాన మళ్లీ పట్టింది. యమున గొడుగు తెరవడం మరిచి, ఆ తలుపు ముందే నిలబడిపోయింది.