ఎవరూ చూడని సుడిగాలి

తొంభైనాలుగులో నేను అరబ్బు ఎడారిలో దుక్మ్ పక్క రోడ్డు క్యాంపులో వాచ్‌మన్‌ని. ఒక శుక్రవారం అందరూ సముద్రానికి చేపలకు పోయినారు. మధ్యాన్నం మబ్బులోంచి తొండం మాదిరి ఒకటి నేలకు దిగింది. గుంతలో దూరి తల కప్పుకున్నా. లేచి చూస్తే వంటరూమ్ లేదు. రేకులు మైలు దూరాన కాయితాల మాదిరి నలిగి పడినాయి.

పట్నంలో ఖురం ఆఫీసుకు పోయి చెప్పినా. ఆడ సేఫ్టీ చూసే ఎహసాన్ సార్‌ది హైదరాబాదు. ఏసీ రూమ్‌లో కూర్చొని ఎడారి సంగతి నాకు చెప్పే మనిషి.

"అక్కడ సుడిగాలి రాదు భాయ్. ఇరవై ఏండ్ల రికార్డుల ఒక్కటి లేదు."

"రికార్డు ఎట్ల రాస్తారు సార్?"

"ఎవరైనా చూసి చెప్తే రాస్తరు."

"ఆడ చూసేదానికి ఎవరుండారు?"

"అదే చెప్తున్న. ఎవరూ చూడలే."

గోడ మీద మ్యాపులో ఖురం చుట్టూ ఏడు ఎర్రచుక్కలు, సుడిగాలి వచ్చిన గుర్తులు. ఒకటి, బట్టల షాపు బోర్డు ఎగిరినందుకంట. పేపర్లో ఫోటో వచ్చిందంట. సుడిగాలి కూడా జనముండే చోటు చూసుకొని వస్తాది కాబోలు.

"ఇద్దరు సాక్షులు కావాలె," అన్నాడు.

క్యాంపు దగ్గర ఒంటెలు మేపే ముసలామె సఫూరా ఉంది. నాకొచ్చిన అరకొర అరబ్బీలో అడిగితే, తన పెండ్లయినప్పటి నుంచి నాలుగు చూసినానంది. కాయితం మీద వేలిముద్ర వేయించుకొని పంపినా.

"అడ్రసు లేని సాక్షి చెల్లదు," అని ఫోన్లో జవాబు. 'వాచ్‌మన్ అజాగ్రత్త వల్ల వంట షెడ్డు కూలింది' అని నా పేరు మీద రాసి, ఆ జాగాలోనే కొత్త రేకు రూమ్‌లు దింపించినాడు.

ఇంక ఆయన్నేమీ అడగలేదు. వంటాయన ఖాదర్‌వలి, నేను కలిసి సెలవు రోజుల్లో రూమ్‌ల వెనక పొడుగాటి గుంత తవ్వినాం. "బావి తవ్వుతుండారా?" అని అందరూ ఎగతాళి చేసినారు. మేం తవ్వుతానే ఉన్నాం.

మరుసటేడు మళ్లీ దిగింది. నలభైమందిమి ఆ గుంతలోనే పడుకొని బతికినాం. మూడు రూమ్‌లు ఎగిరిపోయినాయి.

రెండో దినం ఎహసాన్ సార్ కెమెరా తెచ్చుకున్నాడు. నలభైమందిని వరసగా నిలబెట్టి సంతకాలు తీసుకున్నాడు. పైన 'ఈ ప్రాంతంలో మొట్టమొదటి సుడిగాలి' అని రాసుకున్నాడు.

"ఇది మొదటిది కాదు, పోయినేడాది కూడా వచ్చింది సార్," అన్నా.

"పక్కకు జరుగు భాయ్, ఫోటోకు అడ్డమొస్తున్నవ్," అన్నాడు.