నాలుగో బల్ల లెక్క

పింగాణీ కప్పుల కంపెనీలో పగుళ్ల ఫిర్యాదులు పెరిగేసరికి మేనేజరు చూపు నాలుగో బల్ల మీద పడింది. అక్కడ కప్పులు పెట్టెల్లో సర్దేది ఓ అత్తగారు. ఆవిడ కోడలు పై అంతస్తులో అదే కంపెనీ డేటాబేస్ చూస్తుంది. మేనేజరుకి రెండు కాలమ్‌లు పక్కపక్కన కనిపిస్తే చాలు, తీర్పు చెప్పేస్తాడు.

"ఏ బల్ల, పగిలిందా లేదా, ఈ రెండిటికీ సంబంధం ఉందేమో తేల్చమ్మా. ఉంటే మీ అత్తగారిని అట్టపెట్టెలు మడతపెట్టే పనికి మార్చేస్తా."

ఇంట్లో ఈ సంగతి విని అత్తగారు ఒంటికాలి మీద లేచింది. మేనేజరు మీద కాదు, కోడలి మీద.

"మొహం అలా వేలాడేశావేంటే? నన్ను వెనకేసుకొచ్చావంటే ఊరుకోను. ఉన్నది ఉన్నట్టు చూడు. తప్పు నాదైతే నాదేనని చెప్పు."

మర్నాడు కోడలు క్వెరీ రాసింది. బల్లల వారీగా పగిలినవీ పగలనివీ లెక్కపెట్టించి, ఆ తేడా కాకతాళీయమా, నిజమా అని చెప్పే ఫంక్షన్‌కి అప్పగించింది. సంబంధం గట్టిగానే ఉందని తేలింది. అయినా ఆ జవాబు కోడలికి మింగుడు పడలేదు. గ్లాసు కింద పెడితే చప్పుడు కూడా వినిపించని మనిషి అత్తగారు! అసలు ఆ బల్లకి ఏ సరుకు వెళుతోందో చూద్దామని, కప్పులను రకాల వారీగా విడదీసి మళ్లీ అడిగింది.

లెక్క తలకిందులైంది. సన్నటి పిడి ఉన్న సన్నపిడి కప్పులు ఎవరు సర్దినా ఎక్కువే పగులుతాయి. వాటిని ముట్టుకోవడానికి మిగతావాళ్లు జంకుతారు కాబట్టి దాదాపు అన్నీ నాలుగో బల్లకే వస్తాయి. ఒక్క సన్నపిడివే పోల్చి చూస్తే, అందరికంటే తక్కువ పగిలింది అత్తగారి దగ్గరే. మందపిడి కప్పుల్లోనూ అంతే. కోడలు కూర్చోలేక లేచి నిలబడింది. ఆవిడ తన మనిషి అయినందుకు ఛాతీ ఉప్పొంగింది.

ఆ లెక్క చూసి మేనేజరు నాలుక కరుచుకున్నాడు. నేరుగా సర్దుడు హాల్లోకి వెళ్లి, అందరి ముందూ పొరపాటు తనదేనన్నాడు.

"ఇకమీదట సన్నపిడివి అన్ని బల్లలకీ సమానంగా పంచుతామండీ. మీ పేరు మీద ఇన్ని పగుళ్లు పడవు."

అత్తగారు చేతిలో కప్పుకి కాగితం చుడుతూనే ఉంది.

"పంచితే ఇంకా ఎక్కువ పగుల్తాయి బాబూ. అన్నీ నా బల్లకే పంపండి. లెక్క సంగతంటారా, నా కోడలు చూసుకుంటుంది."