జానెడు లోతున

మృగశిర కార్తె వచ్చి, మిరుగం వానలు పడి నాలుగు రోజులైంది. వీపనగండ్ల దాటాక, పశువుల మేతకని ఊరు ఎప్పుడో విడిచిపెట్టిన గైరాన్ భూమిలో తొమ్మిది మంది ఆడవాళ్లు సర్కారు తుమ్మ మొదళ్లు తవ్వుతున్నారు. ముందు గొడ్డలితో కొమ్మలు కొట్టి పక్కకు లాగాలి. తరవాత గడ్డపారతో మొదలు చుట్టూ జానెడు లోతు తవ్వి, అక్కడ వేరును నరికి బయటికి తీయాలి. పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. నేల తడిగా ఉన్నన్నాళ్లే ఈ పని సాగుతుంది. గట్టిపడితే గడ్డపార దిగదు.

ఆ గుంపుకు పెద్ద రామేశ్వరమ్మ. నలభై ఆరేళ్లు. ఎడమ కన్ను లేదు. పెళ్లయిన మూడో ఏట కట్టెలకు వెళ్తే తుమ్మ ముల్లు దిగింది. వనపర్తి దవాఖానకు చేరేసరికి చేయగలిగిందేమీ లేకపోయింది. ఈ పని మీద ఆమెకున్న పంతానికి అదే కారణమని అందరూ అనుకునేవాళ్లు. అది నిజం కాదు. కోడలిగా వచ్చిన ఏడు ఇదే గైరాన్‌లో నడుమెత్తు బోదగడ్డినీ, దాని సందుల్లో పరిగెత్తే జింకల మందనూ ఆమె రెండు కళ్లతో చూసింది. పిల్లలు పెద్దయ్యాక ఆ సంగతి చెబితే వాళ్లు నమ్మలేదు. అదీ ఆమె బాధ.

పని నడిపించే సంస్థ తరఫున ఉమ అనే అమ్మాయి నాగర్‌కర్నూల్ నుంచి వచ్చింది. ఇరవై ఎకరాలు ఈ వానల్లోనే ఖాళీ చేసి గడ్డి విత్తనం చల్లాలని ఆమెకు పైనుంచి గడువు పెట్టారు.

ఐదో రోజు పొద్దున బాలన్న ట్రాక్టరు మీద వచ్చాడు. రామేశ్వరమ్మ భర్త జంగయ్యకు అన్న అతను. తుమ్మకట్టె కొట్టించి, బొగ్గు కాల్చి, కొత్తకోట నుంచి లారీలకెక్కించడం అతని వ్యాపారం. ఆ ఇంట్లో తమ్ముడి భార్య బావ ముఖం చూసి మాట్లాడదు. ఆయన ఎదురైతే కొంగు తల మీదికి లాక్కుని పక్కకు తప్పుకుంటుంది. ఇరవై ఆరేళ్లుగా రామేశ్వరమ్మ అట్లాగే నడుచుకుంది.

"మేడం, గిట్ల ఒక్కొక్క మొదలు తవ్వుకుంట కూసుంటే దసరా దాక తెగదు," అన్నాడు బాలన్న ఉమతో. "నాకాడ కోత మెషిన్లున్నయి, మనుషులున్నరు. సగం, పదెకరాలు నాకియ్యి. వారం దినాలల్ల సాఫ్ చేసిస్త. మీరేం ఇయ్యద్దు. కట్టె నేను తీస్కపోత."

ఉమ ఆలోచనలో పడింది. "మొదళ్లు గూడ తీస్తరా?"

"తీస్తం మేడం. ఎందుకు తియ్యం?"

రామేశ్వరమ్మ గడ్డపార నేలలో గుచ్చి నిలబడింది. కొంగు నడుముకు చెక్కినది చెక్కినట్టే ఉంది.

"తియ్యవు బావా," అంది.

పక్కన తవ్వుతున్న హన్మమ్మ చెయ్యి ఆగిపోయింది. బాలన్న మరదలి వైపు చూడలేదు. "ఆమెను ఆమె పని చూస్కొమ్మను మేడం."

"నాతోనే చెప్పు. ఈడనే ఉన్న," అంది రామేశ్వరమ్మ. "మోకాలెత్తు మొద్దు ఇడిచిపెట్టి కోస్తవు నువ్వు. ఒక్క మొద్దుకు పది పిలకలొస్తయి. మూడేండ్లకు మళ్ల కట్టె, మళ్ల బొగ్గు. నీకది పంట. మాకు గడ్డి గావాలె."

ఇప్పుడు బాలన్న తిరిగాడు. "ఇంటి మర్యాద తెల్వదా నీకు?"

"తెల్సు. ఇంట్ల చేస్త. ఇది ఊరి భూమి."

అయినా ఉమ అతనికి పదెకరాలూ ఒప్పజెప్పింది. బాలన్న వెళ్లాక రామేశ్వరమ్మ దగ్గరికి వచ్చి, "నాకు గడువుంది అక్కా. మొదళ్లు తీస్తనన్నడు గద, చూద్దం," అంది. రామేశ్వరమ్మ గడ్డపార అందుకుంది.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని జంగయ్య అన్నాడు, "రేపటి సంది పనికి పోకు. అన్న ముంగట తల ఎత్తలేకపోయిన."

"నువ్వు ఎత్తకు. నేనెత్తిన గద."

జంగయ్య పళ్లెం వదిలేసి బయటికి వెళ్లిపోయాడు. ఆమె పళ్లెం మీద మూత పెట్టింది. ఎంత మాట అన్నానో అనుకుంది. కానీ ఆ మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

మర్నాటి నుంచి బాలన్న మనుషులు కోత మొదలుపెట్టారు. ఉమ ధరూర్ వైపు ఇంకో పనికి వెళ్లింది. రెండు రోజుల్లో మూడెకరాల తుమ్మ నేలకు ఒరిగింది. మోకాలెత్తు మొద్దులు మాత్రం వరసగా మిగిలాయి. అడిగితే, వానలైనంక తీస్తమన్నారు.

మూడో రోజు రామేశ్వరమ్మ తన గుంపును మొద్దుల దగ్గరికి నడిపించింది.

"మన సగం ఎవలు తవ్వుతరు?" అంది హన్మమ్మ.

"మన దిక్కు చెట్లు ఏడికి పోవు. కోసిన మొద్దు పిలకలేసిందంటే ముండ్ల పొద అయితది. దగ్గరికి రానియ్యదు."

ఇద్దరు ఆడవాళ్లు అక్కడి నుంచే ఇంటికి మళ్లారు. వాళ్ల మగవాళ్లు బాలన్న బొగ్గు బట్టీల్లో పనిచేస్తారు. మిగిలిన ఏడుగురూ గడ్డపారలు దించారు. ముందు మెషిన్లు కోసుకుంటూ పోతుంటే వెనక వీళ్లు మొదళ్లు పెకిలిస్తూ వచ్చారు. మధ్యాహ్నానికి కబురు తెలిసి బాలన్న ఊగిపోతూ వచ్చాడు.

"నేను కోసిన మొద్దు మీద చెయ్యేసెటందుకు మీరెవలు?"

"కట్టె నీదన్నవు, తీస్కపోయినవు," అంది రామేశ్వరమ్మ గుంతలోంచి లేవకుండానే. "నేల కింద ఉన్నది గూడ నీదని ఎన్నడన్నవు? తీస్తనని మేడంకు మాటిచ్చినవు. నీ మాటే నిలబెడ్తున్నం."

బాలన్న ట్రాక్టరు తెప్పించి మొద్దుల వరసకు అడ్డంగా పెట్టించాడు. రామేశ్వరమ్మ దాన్ని చుట్టి వెళ్లి అవతలి మొద్దు దగ్గర కూర్చుంది. మిగతా ఆరుగురూ ఆమె వెనకే వెళ్లారు. ఆ సమయానికే ఉమ స్కూటీ మీద తిరిగొచ్చింది. ట్రాక్టరునూ, మొద్దులనూ, గుంతల్లో ఉన్న ఆడవాళ్లనూ చూసింది.

"మొదళ్లు తీస్తనన్నరు గద?" అని బాలన్నను అడిగింది.

"వానలైనంక తీస్తం మేడం."

"వానలైనంక గడ్డపార దిగుతదా?"

ట్రాక్టరు తీయమంది ఉమ. మళ్లీ చిగురించని తుమ్మ కోసం మనుషుల్ని పెట్టుకోవడం అతనికి గిట్టుబాటు కాలేదు. సాయంత్రానికి మెషిన్లతో సహా వెళ్లిపోయాడు.

ఆ తరవాత బాలన్న మనవడి పుట్టువెంట్రుకలకు జంగయ్య ఒక్కడినే పిలిచారు. వెళ్లాడు, తిన్నాడు, వచ్చాడు. ఎనిమిది రోజులు భార్యతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు ఆమె గడ్డపార మొన అరిగిందని చూసి, కమ్మరి దగ్గరికి తీసుకెళ్లి సాగదీయించి తెచ్చి గోడకు ఆనించాడు.

పునర్వసు కార్తెలో వానలు ముఖం చాటేశాయి. నేల బిగుసుకుంది. అప్పటికి పదమూడెకరాలు తేలాయి. అక్కడ అంజన్ గడ్డి, బోదగడ్డి విత్తనాలు చల్లారు. తరవాత పడిన రెండు జల్లులకు సన్నగా పచ్చదనం లేచింది. మిగిలిన ఏడెకరాల్లో తుమ్మ తుమ్మలాగే ఉంది.

ఉమ ఫోన్‌లో నివేదిక తెరిచి రామేశ్వరమ్మ పక్కన కూలబడింది. "ఏడెకరాలు ఆగిపోయినయి అక్కా. పైవాళ్లకు ఏం చెప్పాలె?"

"చెయ్యలేకపోయినమని రాయి. మొద్దులిడిచి ఇరవై అయినయని మాత్రం రాయకు."

"ఎందుకు కాలేదో కారణం రాయమని అడుగుతున్నరు."

"రామేశ్వరమ్మ అని రాయి," అంది ఆమె. "ఎవలన్న అడగొస్తే ఈడికే తోలియ్యి. నేను మాట్లాడత."

ఉమ ఆమె ముఖంలోకి చూసింది. తరవాత కారణం రాయాల్సిన గడిలో ఒక్కో అక్షరమే నొక్కుతూ ఆ పేరు రాసి, పంపేసింది.